పాత హోల్‌స్టర్ మూతి మెత్తబడితే ఏం చూడాలి, ఎప్పుడు పారేయాలి?

మీరు రాసిన దాంట్లో నాకు అర్థమైంది ఇది. కొన్నేళ్లుగా ఒకే తోలు హోల్‌స్టర్ (నడుముకి కట్టుకునే పిస్టల్ తొడుగు) వాడుతున్నారు. బాగా మెత్తబడి నడుముకి హాయిగా ఉంది. ఈ మధ్య పిస్టల్ లోపల పెడుతుంటే చివర్లో ఏదో అడ్డం పడినట్టు ఉంటోంది, కొంచెం గట్టిగా నొక్కితే దిగిపోతోంది. కాస్త నూనె పట్టిస్తే సరిపోతుందా, కొత్తది కొనాలా అని అడిగారు.

కొత్తది కొనండి. అది వచ్చేదాకా ఈ హోల్‌స్టర్‌లో తూటాలున్న పిస్టల్ పెట్టకండి. నూనె జోలికి అసలే వెళ్లకండి. "కొంచెం గట్టిగా నొక్కితే దిగిపోతోంది" అన్న మాట దగ్గరే నాకు భయమేసింది. ఆయుధాల తనిఖీ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, పక్కన పెట్టేయమని నేను చెప్పిన తోలు హోల్‌స్టర్లలో ఎక్కువ వాటికి ఉన్న లోపం ఇదే. వాడేవాళ్లకు మాత్రం అది లోపంలా అనిపించదు. పాత చెప్పు కాలికి సుఖంగా ఉన్నట్టు పాత హోల్‌స్టర్ ఒంటికి సుఖంగా ఉంటుంది కదా, దాన్ని వదలాలనిపించదు.

"తుపాకీ దానంతటదే పేలింది" అని తరచూ వింటుంటాం. మంచి కండిషన్‌లో ఉన్న ఆధునిక పిస్టల్ దానంతటదే పేలడం చాలా అరుదు. దాదాపు ఎప్పుడూ ట్రిగ్గర్‌ని ఏదో ఒకటి నొక్కి ఉంటుంది. అది వేలు కావచ్చు, చొక్కా అంచు కావచ్చు, జాకెట్ తాడు కావచ్చు. మీ విషయంలో హోల్‌స్టర్ తోలే ఆ పని చేసే ప్రమాదం ఉంది.

అది ఎలా జరుగుతుందో నెమ్మదిగా ఊహించుకోండి. పిస్టల్ లోపలికి వెళ్లేటప్పుడు ముందు బ్యారెల్ కొన దిగుతుంది, తర్వాత స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం), ఆ తర్వాత ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) ముందు భాగం. హోల్‌స్టర్ మూతి గట్టిగా, నిటారుగా ఉంటే ట్రిగ్గర్ గార్డ్ దాని పక్కనుంచి జారి లోపలికి పోతుంది. మూతి మెత్తబడి, ఒకవైపు తోలు లోపలికి వంగి పెదవిలా వేలాడుతుంటే, ఆ పెదవి ట్రిగ్గర్ గార్డ్ ఖాళీలోకి దూరుతుంది. తోలు అక్కడే ఆగిపోయింది, పిస్టల్ మాత్రం ఇంకా కిందికి దిగుతోంది. అంటే ట్రిగ్గర్ ముందు తోలు మడత వేలిలా అడ్డుగా నిలబడింది. మీరు పిస్టల్‌ని ఎంత కిందికి తోస్తే, ట్రిగ్గర్ అంత వెనక్కి జరుగుతుంది. మీకు తగిలిన ఆ "అడ్డం" ట్రిగ్గర్ స్ప్రింగ్‌దే కావచ్చు. కాకపోవచ్చు కూడా. కానీ చేతికి ఆ రెండింటికీ తేడా తెలియదు.

ఇందులో ఎంత బలం కావాలో చూడండి. గ్లాక్ లాంటి స్ట్రైకర్ పిస్టల్స్‌లో (లోపలున్న సూదే తూటాని కొట్టి పేల్చే రకం) ట్రిగ్గర్ నొక్కడానికి మామూలుగా 2.5 కిలోల బలం చాలు. హోల్‌స్టర్‌లోకి గట్టిగా తోసేటప్పుడు మన అరచేయి అంతకంటే ఎక్కువ బలమే పెడుతుంది, మనకు తెలియను కూడా తెలియదు. "దానికి సేఫ్టీ ఉంది కదా" అంటారు. గ్లాక్ ట్రిగ్గర్ మధ్యలో ఉండే చిన్న మీట, పిస్టల్ కింద పడినప్పుడో పక్కనుంచి ఏదో తగిలినప్పుడో ట్రిగ్గర్ కదలకుండా ఆపుతుంది. ముందు నుంచి నేరుగా నొక్కితే మాత్రం అది వేలా, తోలా, గుడ్డా అని చూడదు, తెరుచుకుంటుంది. లోపలున్న మిగతా సేఫ్టీలు కూడా ట్రిగ్గర్ వెనక్కి వస్తుంటే ఒక్కొక్కటిగా తొలగిపోయేలాగే తయారుచేశారు. తుపాకీ తన పని తాను సరిగ్గానే చేస్తోంది. తప్పు మూతి దగ్గర ఉంది.

హ్యామర్ (వెనక ఉండే చిన్న సుత్తి) బయటికి కనిపించే పిస్టల్స్, రివాల్వర్లు వాడేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. లోపల పెట్టేటప్పుడు దించి ఉన్న హ్యామర్ మీద బొటనవేలు ఆనించి ఉంచితే, ట్రిగ్గర్‌ని ఏదైనా నొక్కుతున్నప్పుడు హ్యామర్ వెనక్కి లేవడం వేలికి తెలుస్తుంది, అక్కడే ఆగిపోవచ్చు. డబుల్ యాక్షన్ రివాల్వర్ (ట్రిగ్గర్ నొక్కుడుతోనే హ్యామర్ లేచి పడే రకం) ట్రిగ్గర్ కూడా బరువు, 4.5 నుంచి 5.5 కిలోల దాకా ఉంటుంది, ప్రయాణమూ ఎక్కువ. స్ట్రైకర్ పిస్టల్‌లో బయటికి హ్యామరే ఉండదు కాబట్టి ఈ హెచ్చరిక రాదు. 1911 అనే పాత మోడల్ తరహా పిస్టల్‌కి బొటనవేలి సేఫ్టీ ఉంటుంది నిజమే, కానీ అరిగిన హోల్‌స్టర్ దాన్నీ మోసం చేస్తుంది. సేఫ్టీ మీట పక్కన తోలు సాగి వదులైతే, వంగినప్పుడూ లేచినప్పుడూ రాసుకుని సేఫ్టీ కిందికి పడిపోవడం జరుగుతుంది. సాయంత్రం పిస్టల్ తీసినప్పుడు సేఫ్టీ ఆఫ్‌లో కనిపిస్తే "నేనే మర్చిపోయి ఉంటాను" అనుకోకండి, హోల్‌స్టర్‌ని అనుమానించండి.

ఇక పరీక్ష ఎలా చేయాలో చెప్తాను. ముందు పిస్టల్ ఖాళీ చేయాలి. మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసేసి, స్లైడ్ వెనక్కి లాగి లాక్ చేసి, ఛాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటులోకి) కళ్లతో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి కూడా చూడండి. ఈ వరస తప్పకూడదు. మ్యాగజైన్ తీయకుండా స్లైడ్ లాగితే బయటికి వచ్చిన రౌండ్ (తూటా) స్థానంలో ఇంకోటి లోపలికి వెళ్లి కూర్చుంటుంది, మీరేమో ఖాళీ చేశానని నమ్మకంగా ఉంటారు. తూటాలన్నీ మీరున్న గదిలో నుంచే తీసేయండి. ఎదురుగా మనిషి గానీ, అవతల మనుషులుండే పలచటి గోడ గానీ లేని దిక్కు ఎంచుకోండి. మధ్యలో ఫోన్ వచ్చో, ఎవరో పిలిచో లేచి వెళ్తే, తిరిగొచ్చాక మళ్లీ మొదటినుంచీ ఖాళీ చెక్ చేయాలి. ఇలాంటి తనిఖీల్లో ప్రమాదాలు జరిగేది ఆ "మధ్యలో లేచి వెళ్లిన" చోటే.

తర్వాత హోల్‌స్టర్‌ని బెల్ట్ నుంచి విప్పి ఖాళీగా బల్ల మీద పెట్టండి. వెలుగు బాగా పడేలా చూసుకుని పైనుంచి మూతిలోకి చూడండి. పిస్టల్ లేకపోయినా మూతి తెరుచుకునే ఉందా, లేక రెండు పెదవులూ దగ్గరకొచ్చేశాయా? ట్రిగ్గర్ గార్డ్ కూర్చునే వైపు అంచు మీద బొటనవేలు పెట్టి లోపలికి మెల్లగా నొక్కండి. మంచి తోలు ఎదురు తన్నుతుంది, వదిలితే వెంటనే పాత ఆకారానికి వస్తుంది. అరిగిన తోలు వంగి, వంగిన చోటే ఉండిపోతుంది. అక్కడే వెతికితే ఒక ముదురు రంగు గీత కనిపిస్తుంది, పైపొర పగిలి లోపలి పీచు బయటపడి ఉంటుంది. మళ్లీ మళ్లీ ఒకేచోట మడత పడినందుకు గుర్తు అది. ఆ గీత ట్రిగ్గర్ గార్డ్ ఎత్తులోనో, దానికి కాస్త పైనో ఉంటే ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు, దాన్ని పక్కన పెట్టేయండి. ఒంటివైపు ఉండే తోలు ముక్కని కూడా చూడండి. బెల్ట్ బిగింపు, కారు సీటు, కుర్చీ చెయ్యి, ఇవన్నీ రోజూ ఆ వైపు నుంచే మూతిని లోపలికి నెడుతుంటాయి. చెమట కూడా ముందు అటే పట్టి తోలుని నానబెడుతుంది. మూతి చుట్టూ లోపల లోహపు పట్టీ ఉన్న రకమైతే అది విరిగిందా, కుట్లు తెగి పక్కకి జరిగిందా అన్నది తడిమి చూడండి. విరిగిన పట్టీ అంచు లోపలికి పొడుచుకొస్తే మెత్తబడిన తోలుకన్నా ప్రమాదం.

ఇప్పుడు అసలు పరీక్ష. ఖాళీ పిస్టల్ స్లైడ్ ఒకసారి లాగి వదిలి కాక్ చేయండి (పేలడానికి సిద్ధంగా ఉంచండి), ట్రిగ్గర్ ముందుకి వచ్చి ఉంటుంది. హోల్‌స్టర్‌ని మామూలుగా కట్టుకునే బెల్ట్‌కి, మామూలు బిగింపుతో పెట్టుకోండి. వేలు ట్రిగ్గర్‌కి దూరంగా స్లైడ్ పక్కన నిటారుగా ఉంచి, పిస్టల్‌ని నెమ్మదిగా లోపలికి దించండి. క్లిక్ (ట్రిగ్గర్ నొక్కుకుపోయిన చప్పుడు) వినిపించిందా? లేదనిపించినా బయటికి తీసి ట్రిగ్గర్ చూడండి. గ్లాక్ లాంటి వాటిలో ట్రిగ్గర్ వెనక్కి వెళ్లి ఉండిపోతే, ఛాంబర్‌లో రౌండ్ ఉంటే పేలి ఉండేదని అర్థం. ఒక్కసారికి తృప్తి పడకండి. ప్రతిసారీ మళ్లీ కాక్ చేసుకుంటూ, నిటారుగా నిలబడి, కాస్త ముందుకి వంగి, మూతి వైపు పిస్టల్ కొంచెం వంకరగా పెట్టి, ఇలా మార్చి మార్చి చూడండి. పిస్టల్ లోపల ఉండగా కూర్చోండి, వంగండి, పక్కకి తిరగండి, తర్వాత తీసి ట్రిగ్గర్ ఎక్కడుందో గమనించండి. పిస్టల్ పూర్తిగా దిగనప్పుడు కూర్చుంటే సీటో బెల్టో దాన్ని మిగతా దూరం కిందికి తోస్తుంది. పెట్టినప్పుడు పేలనిది కారులో కూర్చున్నాక పేలేది ఇందుకే.

ఇంకొకటి. పిస్టల్ లోపల ఉండగా బయటినుంచి ట్రిగ్గర్ గార్డ్ మీద బొటనవేలితో గట్టిగా నొక్కండి. తోలు లోపలికి పోయి ట్రిగ్గర్‌ని తాకుతున్నట్టు తెలిసినా, ట్రిగ్గర్ కదిలినా, ఆ హోల్‌స్టర్ పనికిరాదు. హోల్‌స్టర్ ట్రిగ్గర్ గార్డ్‌ని పూర్తిగా కప్పడం ఒక్కటే చాలదు, కప్పిన ఆ భాగం వంగకూడదు. కొత్తదే అయినా పల్చటి గుడ్డతో చేసి "అన్ని పిస్టల్స్‌కీ సరిపోతుంది" అని అమ్మేవాటిని నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. అన్నిటికీ సరిపోయేదంటే ఏ ఒక్కదాని ట్రిగ్గర్ గార్డ్‌కీ అచ్చు కుదరనిదని అర్థం.

హోల్‌స్టర్ పిస్టల్‌ని పట్టి ఉంచే పట్టు కూడా చూడాలి. ఖాళీ పిస్టల్ పెట్టి, స్ట్రాప్ (పిస్టల్ మీదుగా బిగించే పట్టీ) బిగించకుండా, మంచం మీద మెత్తటి చోట హోల్‌స్టర్‌ని తలకిందులు చేసి మెల్లగా ఊపండి. జారి పడిపోతే తోలు సాగిపోయింది. పిస్టల్ పడిపోతుంటే మనిషి చెయ్యి తెలియకుండానే దాన్ని పట్టుకోబోతుంది, ఆ కంగారులో వేలు ఎక్కడికి పోతుందో చెప్పలేం. కింద పడితే పడనివ్వాలని నేర్చుకున్నవాళ్లు కూడా ఆ క్షణంలో పట్టుకోబోతారు. కాబట్టి వదులు పట్టుని "పోతే పోతుంది" అనే చిన్న విషయంగా తీసుకోకండి. బొటనవేలితో తెరిచే స్ట్రాప్ ఉంటే దాని సంగతి వేరుగా చూడాలి. కొత్తలో గట్టిగా ఉండి పక్కకి నిలబడే స్ట్రాప్, పాతబడ్డాక నీరసించి మూతి మీదకి వాలుతుంది. పిస్టల్‌తోపాటు అదీ లోపలికి దిగి, బటన్ ఉన్న కొన సరిగ్గా ట్రిగ్గర్ గార్డ్‌లోకి పోతుంది. స్ట్రాప్‌ని తెరిచి వదిలేసి, రెండు మూడుసార్లు బెల్ట్ కదిలించి, అది ఎటు వాలుతుందో చూడండి.

తోలు కాకుండా కైడెక్స్ లాంటి గట్టి ప్లాస్టిక్ వాడితే ఈ మూతి సమస్య దాదాపు ఉండదు. అయితే దాని రోగాలు దానికున్నాయి. స్క్రూలు వదులవుతాయి, రివెట్ల చుట్టూ, వంపు దగ్గర సన్నటి పగుళ్లు వస్తాయి. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డ్ మీద వదిలేస్తే వేడికి ఆకారం మారుతుంది. స్క్రూకీ హోల్‌స్టర్‌కీ మధ్య ఉండే చిన్న రబ్బరు వాషర్ రాలిపోతే పట్టు మారిపోతుంది. రాలిన స్క్రూ హోల్‌స్టర్ లోపలే పడి ఉండొచ్చు, అందుకే ఎప్పుడూ బోర్లించి తట్టి, టార్చ్ వేసి లోపల చూడమంటాను. ఇసుక, ఎండుటాకు ముక్క, చూయింగ్ గమ్ కాగితం కూడా చూశాను. పిస్టల్‌కి లైట్ బిగించుకుని దానికి తగ్గ హోల్‌స్టర్ తీసుకున్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. లైట్ లావుగా ఉంటుంది కాబట్టి మూతి వెడల్పుగా చేస్తారు, ట్రిగ్గర్ గార్డ్ పక్కన ఖాళీ మిగులుతుంది. లైట్ తీసేసిన పిస్టల్‌ని అందులో పెడితే పట్టే ఉండదు, ఆ ఖాళీలోంచి వేలో గుడ్డో లోపలికి పోగలదు. నైలాన్ వాటిలో అంచుకి కుట్టిన టేప్ ఊడిందా, లోపలి లైనింగ్ విడిపోయి సంచిలా ఉబ్బిందా చూడండి. అలాంటిదేదైనా కనిపిస్తే కుట్టించకండి, మార్చేయండి.

నూనె ఎందుకొద్దన్నానంటే, తుపాకీ హోల్‌స్టర్‌కి వాడే తోలుని గట్టిగా ఉండేలా, అచ్చు పట్టేలా తయారుచేస్తారు. ఆ గట్టితనమే దాని పని. తోలు నూనెలు పీచుల మధ్యకి వెళ్లి వాటిని జారుడుగా చేస్తాయి, తోలు మెత్తబడుతుంది. బూట్లకి అది మంచిదే. హోల్‌స్టర్ మూతికి అది చేటే. తడి గుడ్డతో దుమ్ము తుడిచి, నీడలో గాలికి ఆరనిచ్చి, పైన పల్చగా మైనం పాలిష్ రాస్తే చాలు. తడిస్తే హెయిర్ డ్రయ్యర్, హీటర్ దగ్గర పెట్టకండి, తోలు ముడుచుకుని పగులుతుంది. పిస్టల్‌ని తోలు హోల్‌స్టర్‌లో పెట్టి నెలల తరబడి బీరువాలో దాచడం కూడా మంచిది కాదు, తోలు చెమ్మని పట్టి ఉంచుతుంది, లోహం తుప్పు పడుతుంది. "నీళ్లలో తడిపి మళ్లీ అచ్చు వేస్తే గట్టిపడుతుంది కదా" అని కొందరు సలహా ఇస్తారు. పైకి గట్టిపడినట్టు కనిపిస్తుంది. విరిగిన పీచు మాత్రం అతుక్కోదు, కొన్ని వారాలకి అదే గీత మీద మళ్లీ వంగుతుంది.

హోల్‌స్టర్ ఎంత మంచిదైనా పిస్టల్ పెట్టే పద్ధతి బాగోకపోతే లాభం లేదు. తీసేటప్పుడు తొందర ఉండొచ్చు, పెట్టేటప్పుడు తొందర ఎందుకు? చొక్కా, జాకెట్ రెండో చేత్తో పూర్తిగా పైకి ఎత్తి పట్టుకోండి. జాకెట్ నడుము దగ్గర తాడు, దాని కొనకి ప్లాస్టిక్ బిళ్ల ఉంటే, ఈ రోజే తాడు పీకేయండి లేదా కోసేయండి, ఆ బిళ్ల ట్రిగ్గర్ గార్డ్‌లో ఇరుక్కోవడానికి కొలిచి చేసినంత సైజులో ఉంటుంది. తల వంచి మూతిని కళ్లతో చూస్తూ పెట్టండి. చూడకుండా పెట్టడం గొప్ప నైపుణ్యమని ఎవరైనా చెప్తే వినకండి. మెత్తబడిన మూతిని రెండో చేతి వేళ్లతో తెరిచి పట్టుకుని పెట్టేవాళ్లని చూస్తుంటాను, అక్కడ బ్యారెల్ వాళ్ల వేళ్ల మీదుగా పోతుంది. అలా తెరవాల్సి వస్తోందంటేనే ఆ హోల్‌స్టర్ పని అయిపోయినట్టు.

అడ్డం తగిలితే మాత్రం నొక్కకూడదు. అటూ ఇటూ తిప్పి సర్దకూడదు కూడా. నేరుగా వెనక్కి, వచ్చిన దారినే పైకి తీయండి, వేలు బయటే ఉంచి, బ్యారెల్ కొన సురక్షితమైన వైపు పెట్టి, మూతిలో ఏముందో చూసి, అప్పుడు మళ్లీ మొదలుపెట్టండి. ప్యాంటు లోపల ముందువైపు పెట్టుకునేవాళ్లకి ఇంకా మంచి మార్గం ఉంది. హోల్‌స్టర్‌ని నడుముకి పెట్టుకోకముందే చేతిలో పట్టుకుని, కొన సురక్షితమైన దిక్కుకి ఉంచి, పిస్టల్‌ని అందులో కూర్చోబెట్టి, రెండూ కలిపి తగిలించుకోవడం. తీసేటప్పుడూ అంతే, పిస్టల్‌తో సహా హోల్‌స్టర్‌ని విప్పేయడం. ఆ చోట పేలితే తూటా వెళ్లేది తొడలోని పెద్ద ధమని ఉన్న వైపుకి, అది తెగితే కొన్ని నిమిషాల్లోనే ప్రాణం పోతుంది. నడుము పక్కన పెట్టుకున్నా తొడ, పిక్క, పాదం దారిలోనే ఉంటాయి.

ఎన్నాళ్లకోసారి చూడాలని కూడా చాలామంది అడుగుతారు. కట్టుకునే ప్రతిసారీ మూతి, స్ట్రాప్, స్క్రూలు ఒక చూపు చూడటం, నెలకోసారి పైన చెప్పినట్టు ఖాళీ పిస్టల్‌తో పూర్తిగా పరీక్షించడం నేను చెప్పే పద్ధతి. వానలో తడిసినా, బాగా చెమట పట్టిన రోజు గడిచినా, కింద పడ్డా, ఎవరికైనా అప్పిచ్చి తిరిగి తీసుకున్నా నెల కోసం ఆగకండి. వాడిన హోల్‌స్టర్ ఇంకొకరి దగ్గర తీసుకుంటే అది ఏ పిస్టల్‌కి అచ్చు వేసిందో అడగండి. ఒకే కంపెనీ పిస్టల్స్ అయినా మోడల్ మారితే ట్రిగ్గర్ గార్డ్ కూర్చునే చోటు మారుతుంది.

మీ పాతదాన్ని పారేసేటప్పుడు అలాగే చెత్తబుట్టలో వేయకండి, ఎవరికీ ఇవ్వకండి కూడా. పదునైన కత్తితో మూతి నుంచి కిందిదాకా చీల్చి రెండు ముక్కలు చేయండి. చూడ్డానికి బాగానే ఉంది కదా అని ఎవరో ఒకరు తీసి వాడతారు, దాని మూతి సంగతి వాళ్లకి తెలియదు.

కొత్త తోలు హోల్‌స్టర్ వచ్చాక బిగుతుగా ఉంటుంది, పిస్టల్ పూర్తిగా దిగకపోవచ్చు. అప్పుడూ తూటాలతో నొక్కి అలవాటు చేయొద్దు. ఖాళీ పిస్టల్‌ని పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి హోల్‌స్టర్‌లో పెట్టి రాత్రంతా వదిలేయండి, కావలసినంత సాగుతుంది. తర్వాత పైన చెప్పిన క్లిక్ పరీక్ష మీరు రోజూ వేసుకునే చొక్కాతో, జాకెట్‌తో, మీరు కూర్చునే కారు సీట్లోనే చేయండి. అందులో ఒక్కసారి కూడా ట్రిగ్గర్ కదలలేదని తేలాకే మ్యాగజైన్ పెట్టండి. ఈలోగా పాతదాని మూతి ఫోటో పైనుంచి, ట్రిగ్గర్ గార్డ్ వైపు నుంచి తీసి పెడితే చూసి చెప్తాను. ఫోటో తీసేటప్పుడు పిస్టల్ అందులో ఉండకూడదు.